గిన్నెలో మిగిలిన చివరి గుక్క

స్వైన్ ఫ్లూ తగ్గి నేను లేచి తిరుగుతున్నా, గొంతు పీసీఆర్ పరీక్షలో ఇంకా పాజిటివే. చచ్చిన వైరస్ ముక్కలు కొన్నాళ్లు అలా కనిపిస్తాయి, నీ నుంచి ఇంకెవరికీ అంటదు అన్నారు డాక్టరు. ఈ ఉదయం నరసన్నపేట చర్చిలో దేవుడు నన్ను బాగుచేశాడని సాక్ష్యం చెబుతూ అదంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. అందరూ “స్తోత్రం” అన్నారు.

తర్వాత ప్రభువు బల్ల, యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం. మా చర్చిలో అందరికీ ఒకటే ద్రాక్షరసం గిన్నె. అది నా దాకా వచ్చేసరికి పక్కనున్న పెద్దమ్మ ఆపింది.

“ఓలమ్మీ, డాకటరు సెప్పింది నేను నమ్మినాను. నువ్వు మాత్రం ఆకర్న తాగు.”

ఆఖర్నే తాగాను. మా ఆచారం ప్రకారం అడుగున మిగిలింది పాస్టరుగారు తాగాలి. ఆయన గిన్నెను చూశారు, నన్ను చూశారు, అందర్నీ కళ్లు మూసుకోమని ఎన్నడూ లేనంత పొడుగు ప్రార్థన చేశారు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి గిన్నె ఖాళీ.

సాయంత్రమైనా మనసు కుదురుగా లేదు. తాగారా, పారబోశారా? మీరైతే ఏం చేసేవారు?