పొయ్యిలో మట్టి బిళ్ళలు

అమలాపురం బస్టాండు దగ్గర టీ కొట్టాయన బొగ్గుల పొయ్యిలో పాత పూత గీకేసి తడిమట్టి మెత్తుతున్నాడు. ఆ వాసనకి నా కాళ్ళు ఆగిపోయాయి.

నా చిన్నప్పుడు మా నానమ్మ బకెట్టు పొయ్యి లోపల మట్టీ ఊకా కలిపి కాల్చిన బిళ్ళలు పేర్చేది. విరిగిన బిళ్ళ ఒక్కటే తీసి మార్చుకోవచ్చు. కడుపుతో పుట్టింటికొచ్చిన మేనత్త వాటిని చాటుగా కొరకడం చూశాను. మా ఇంట్లో ఆమెకి తిండి చాలడం లేదనుకున్నాను.

మండపేట నుంచి ఆమె అత్తగారు వచ్చినప్పుడు, "మా అత్తకి అన్నం సరిపోవట్లేదండి, పొయ్యి బిళ్ళలు తింటోంది" అన్నాను.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "చిన్నపిల్లండి, దానికేం తెలుస్తాదండి" అంది నానమ్మ, తల దించుకుని. అత్త ఆ తర్వాత నా ముందు ఏదీ తినలేదు.

ఇప్పుడు నాకు ఆరో నెల. టీ కొట్టాయన అటు తిరగగానే పాత పూత ముక్కొకటి గుప్పిట్లోకి తీసుకున్నాను. ముందు చుట్టూ చూశాను, పిల్లలెవరైనా ఉన్నారేమోనని.