ఆల్చిప్ప పిల్లలు

నేను బయాలజీ చెప్పే స్కూల్లోనే మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. దాని సెక్షనుకి మాత్రం నేను కాదు, వైజాగ్ నుంచి కొత్తగా వచ్చిన మేడమ్ చెబుతుంది. ఆవిడ ప్రొజెక్టర్ మీద ఎక్కడిదో వానల అడవి కప్పని చూపించింది. ఎర్రటి ఒళ్ళు, నీలం కాళ్ళు. ఆ రోజు నుంచి ఇంట్లో ముద్దకో మేడమ్, గుక్కకో కప్ప. నా కడుపు మండిపోయింది.

రెండు జీవుల్ని పోల్చి చార్టు గీయమన్నారట. కప్ప ఎలాగూ ఖాయం. రెండోది నాదై ఉండాలని పట్టుబట్టి, శారదా నదికి వెళ్ళి, బతికున్న ఆల్చిప్పల్ని ఇసుకలోంచి ఏరి బక్కెట్లో తెచ్చాను.

మా అమ్మాయి వాటిని చూసి మూతి విరిచింది. "కదలవేటమ్మా ఇవి? మా కప్ప పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని చెట్టెక్కుతాదంట. నీ ఆల్చిప్ప ఏటి సేత్తాది?"

ఉన్నదే చెప్పాను. పిల్లల్ని నీళ్ళలోకి వదిలేస్తుంది. అవి దారిన పోయే చేప మొప్పల్ని పట్టుకుని దాని మీదే పెరుగుతాయి.

"ఛీ, పరాయోళ్ళకి అప్పజెప్పేత్తాదా!"

నాకు ఒళ్ళు మండింది. నా పిల్లని ఆవిడకి అప్పజెప్పింది నేనా? టైంటేబుల్.

మర్నాడు పొద్దున్న బక్కెట్ ఖాళీ. మా అత్తగారు పెరట్లో మామిడికాయలు ముందేసుకుని కూర్చుంది. ఆల్చిప్పల్లో మాంసం తీసి పారేసి, చిప్పని రాతి మీద అరగదీసి, పడ్డ కన్నంతో చకచకా తొక్క తీస్తోంది.

"మాగాయికే తెచ్చేవనుకున్నానమ్మా. మంచి పదునున్నాయి."

నేనూ ఓ చిప్ప తీసుకుని కూర్చున్నాను. ప్రతి కాయకీ ఆ మేడమే గుర్తొచ్చింది. తొక్కతో పాటు కండా ఊడొచ్చింది.

స్కూలుకి బయల్దేరుతూ అమ్మాయి చార్టు పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఆ పిల్లలు పెద్దయ్యాక చేపని వదిలేత్తాయా?"

"వదిలేస్తాయి."

"మరి వాళ్ళమ్మ దగ్గరికి వచ్చేత్తాయా?"

రావు. ఎక్కడ రాలితే అక్కడే ఇసుకలో బతుకుతాయి. ఏటా నా క్లాసులో నేను చెప్పే మాటే.

"వచ్చేస్తాయి" అన్నాను.

అది అలాగే రాసుకుంది. మధ్యాహ్నం చార్టు తిరిగొచ్చింది. ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో 'రావు' అని ఉంది.

"మేడమ్ తప్పన్నారమ్మా. ఎవరిది రైటు?"

చేతులకి ఇంకా మామిడి జీడి మంటగానే ఉంది.

"మేడమ్‌దే" అన్నాను.

"నాకు తెల్సు" అంది, ముఖం వెలిగిపోతూ.