జిల్లా నీళ్ళు

ఆ రోజుల్లో టెలిఫోనులో మాట్లాడటమంటే మా నరసన్నపేటలో ఒళ్ళు అలిసే పని. అరవయ్యో దశకం చివరి సంవత్సరాల మాట ఇది. మా ఊరి ధాన్యం వర్తకులు ఫోను ఎత్తేముందు కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, విశాఖపట్నం ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకి తిరిగి మరీ కేకలు పెట్టేవారు. వాళ్ళలో ఒకాయన కేక తీగ సాయం లేకుండానే మా ఎక్స్ఛేంజి దాకా వచ్చేసేది (ఆయన కొట్టు మాకు పక్కసందులోనే). అందువల్ల ఆయన మాట నాకు ముందు కిటికీలోంచీ, తరవాత చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోనులోంచీ వినబడేది. ఇప్పుడు బస్సులో పక్కసీటు ఆడపిల్ల ఫోను బుగ్గకి ఆనించుకుని గుసగుసలాడుతుంటే, ఈ మాట అవతలివాళ్ళకి ఎలా చేరుతుందా అని నాకు ఇప్పటికీ లోపల బెంగగానే ఉంటుంది.

నేను ఎస్సెల్సీ గట్టెక్కి, ఆ ఎక్స్ఛేంజిలో తాత్కాలికపు ఆపరేటరుగా చేరాను. ఊళ్ళో ఎవరైనా ఫోను పిడి తిప్పితే నా ముందున్న బోర్డు మీద వాళ్ళ నంబరున్న చిన్న మూత టప్పున పడేది. ఆ రంధ్రంలో తీగ గుచ్చి, నంబరు కనుక్కుని, ఇంకో తీగ ఇంకో రంధ్రంలో గుచ్చడం నా పని. పై ఊళ్ళకైతే విజయనగరం ఎక్స్ఛేంజిని పిలవాలి. మా నాన్నకి ఇది గవర్నమెంటు ఉద్యోగం. మా మావకి మాత్రం (అమ్మ తమ్ముడు, వరి తప్ప మరో లోకం తెలియని మనిషి) ఇది నలుగురి మాటలూ చెవిన వేసుకునే పని. "ఊరందరి గుట్లూ ఇన్న గుంటని ఊరు ఊరికే ఒగ్గేస్తాదేటి" అనేవాడు (గుంటంటే మా వైపు ఆడపిల్ల). ఉద్యోగం ఖాయమైతే సరే, కాకపోతే కోతల నాటికి మానిపించెయ్యాలని ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చారు. నన్నెవరూ అడగలేదు. నేను వినేశాను. వినడమే కదా నా వృత్తి.

ఆ గదిలో నాకు దిక్కు విజయనగరం అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ విజయనగరం బోర్డు మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఆపరేటరు. నేను ఆవిణ్ణి చూడలేదు. గొంతు మాత్రం ఏనుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేది. అదే గొంతుకి అవతల వేలాడే మరో పిల్ల కొత్తవలస ఆపరేటరు. అది మాట్లాడుతుంటే వెనకాల ఇంజను కూతలు వినబడేవి. గూడ్సుబండి వచ్చినప్పుడు మాట ఆపేసి, ఆఖరి పెట్టె దాటాక వదిలిన చోటనుంచే అందుకునేది. మధ్యాహ్నం వర్తకులు కునుకు తీసే వేళ, అప్ప తన బోర్డు మీద మా ఇద్దరి తీగలూ కలిపేది. సొంత మాటలు మాట్లాడితే ఉద్యోగం పోతుందని గోడ మీద రాసి ఉండేది కాబట్టి, మేము గోడకేసి చూసేవాళ్ళం కాదు.

ఆ మాటలు లేకపోతే నేను మొదటి నెలలోనే పారిపోయేదాన్ని. లైను దొరకలేదని ఎవరైనా తిడితే ఏమనాలో, సెలవు ఎలా అడిగితే ఇస్తారో, "ఏటి నంబరు కావాల" అనకుండా "నంబరు చెప్పండి" అని ఎలా పలకాలో అన్నీ అప్పే నేర్పింది. బోర్డు మీద ఆవిడ మాట్లాడేది రేడియో తెలుగు. మాతో మాత్రం మా తెలుగే.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక కబురు వచ్చింది. బోర్డులూ లైన్లూ బాగుచేసే పనికి మనుషుల్ని తీసుకుని శిక్షణ ఇస్తారట. ఎన్నికైతే ఉద్యోగం ఖాయం. అప్పటిదాకా అది మగవాళ్ళ పని. ఈసారి ఆడవాళ్ళు కూడా రావచ్చన్నారు. అప్పకి చెప్పలేనంత సంతోషం కలిగి ఉంటుందని నేను గబగబా ఆ సంగతి ఎత్తాను. అప్ప ముందు ఎవరికో లైను కలిపొచ్చింది. తరవాత, "నాకు వయసు మించిపోనాదే. మీరిద్దరూ ఎల్లండి. నాను సెప్తాను కదా" అంది.

ఆ మర్నాటి నుంచీ మధ్యాహ్నం పాఠాలు మొదలయ్యాయి. అప్పకి ఎవరూ నేర్పినది కాదు. మెకానిక్కులు వచ్చినప్పుడల్లా వాళ్ళ వెనక నిలబడి చూసి పట్టుకున్న విద్య. తంటా అంతా మా లైనుతో వచ్చింది. మామూలుగానే అందులో ఆవాలు చిటపటలాడుతుండేవి. వాన పడితే ఏకంగా పోపు మాడిపోయేది. బ్యాటరీల పాఠం సరిగ్గా జడివానలో పడింది. ఎక్స్ఛేంజి నడిచేది గాజు తొట్ల బ్యాటరీల మీద. వాటిలో నీళ్ళు తగ్గినప్పుడు నూతినీళ్ళు పోస్తే పాడైపోతాయని, ఫలానా వాటరే పొయ్యాలని అప్ప చెప్పింది. ఆ ఫలానా మాట నాకు "డిస్ట్రిక్ట్ వాటర్" అని వినబడింది. కొత్తవలసలో ఆ నిమిషానే గూడ్సు వచ్చింది. బండి పోయాక, అప్ప వేరే కాల్ చూసుకుంటుండగా, ఏ వాటరని కొత్తవలస పిల్ల నన్ను అడిగింది. నేను ఒక్కొక్క అక్షరం విడదీసి, బోర్డు దద్దరిల్లేలా చెప్పాను. డిస్ట్రిక్ట్ వాటర్.

అర్థం తెలియకుండా బట్టీపట్టే రకాన్ని కాను నేను. జిల్లాకీ నీళ్ళకీ సంబంధమేమిటని రాత్రీ పగలూ ఆలోచించి, చివరికి కనుక్కున్నాను. ఏ జిల్లా బ్యాటరీకి ఆ జిల్లా నీళ్ళే పడతాయి. పుట్టిన నీళ్ళకి అలవాటుపడుతుంది కాబోలు. ఈ సంగతి కొత్తవలస దానికి చెబితే, తనకి కూడా అలాగే తోచిందని ఒప్పుకుంది. ఇంటర్వ్యూ విజయనగరంలో. నాకు తోడు మావ వచ్చాడు. బస్సులో పాఠాలు వల్లెవేస్తుంటే ఈ నీళ్ళ దగ్గర ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. "నిజిమే. సంతలో కొన్న ఎడ్లు మన నీళ్ళకి అలవాటుపడ్డానికి నెల పడతాది. అదీ అంతే" అన్నాడు. శాస్త్రానికి అనుభవం కూడా తోడయ్యాక నాకిక అనుమానం మిగల్లేదు.

ఆఫీసు వరండాలో బల్లమీద కూర్చున్నాం. నా పక్కన ఒక పొడుగాటి, పుష్టిగల పిల్ల, చేతిలో నల్ల గొడుగు నిటారుగా పట్టుకుని పోలీసు కాపలాలా కూర్చుంది. కొత్తవలస పిల్లంటే నా ఊహలో సన్నగా, జడకి రిబ్బనుతో, ఇంజను కూతకి ఉలిక్కిపడే పిట్ట లాంటిది. దానికోసం గుమ్మం వైపు చూస్తూ ఈ గొడుగు పిల్లకి ఎడంగా జరిగాను. ఆ పిల్ల కూడా నాకు ఎడంగా జరిగింది. జరిగి జరిగి ఇద్దరం బల్ల రెండు కొసలకీ చేరాక, నాకు గొంతెండి, "మావా, మంచినీళ్ళు దొరుకుతాయేటి" అన్నాను.

గొడుగు కింద పడింది. "నరసన్నపేటవేటే నువ్వు" అంది ఆ పిల్ల, నాకు రోజూ వినబడే గొంతుతో. నేను తేరుకుని దాని చెయ్యి పట్టుకునే లోపల బంట్రోతు వచ్చి దాని పేరు పిలిచాడు. లోపలికి వెళ్ళి, కాసేపటికి వెలిగిపోతూ బయటికి వచ్చింది. నీళ్ళ ప్రశ్న అడిగారని, దంచేశానని నాకు సైగ చేసింది.

లోపల ముగ్గురు ఆఫీసర్లు. నడిమాయనకి అచ్చం మా మావ మీసాలు. ఆయన మొదటి ప్రశ్న అడగగానే భయం కొద్దీ, "సెప్తాను మావా" అనేశాను. ఆయన పెద్దమనసుతో ఆ చుట్టరికం విననట్టు ఊరుకున్నాడు. తీగల గురించీ, మూతల గురించీ, గంటల గురించీ అడిగినవన్నీ చెప్పాను. అన్నీ అప్ప చెప్పినవే. ఆఖర్న, బ్యాటరీలో ఏం పోస్తావమ్మా అన్నాడు.

"డిస్ట్రిక్ట్ వాటర్ అండి."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నడిమాయన చాలా నెమ్మదిగా, "ఏ డిస్ట్రిక్టమ్మా" అన్నాడు.

ఇంత లోతుకి అడుగుతున్నారంటే నేను ఎన్నికైపోయినట్టే అనుకున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా కాబట్టి వంశధార నీళ్ళు శ్రేష్ఠమనీ, విశాఖ జిల్లా నీళ్ళు పోస్తే బ్యాటరీ తిరగబడుతుందనీ, కొత్తగా వచ్చిన బ్యాటరీకైతే నెలరోజులు అలవాటు చెయ్యాలనీ విన్నవించుకున్నాను. ఎడ్ల ఉదాహరణ కూడా ఇచ్చాను. ఎడమవైపాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కుడివైపాయన బల్ల కింద ఏదో వెతుక్కోవడానికి వంగి, చాలాసేపు పైకి రాలేదు.

నడిమాయన మాత్రం నవ్వలేదు. నాకంటే ముందు వచ్చిన పిల్ల కూడా ఇదే మాట, ఇదే వరసలో చెప్పిందని, కాకపోతే ఆమె తన బ్యాటరీకి విశాఖ జిల్లా నీళ్ళు కావాలందని అన్నాడు (కొత్తవలస అప్పట్లో విశాఖ జిల్లాలోదే). అక్కడో ఊళ్ళో ఒకరూ ఇక్కడో ఊళ్ళో ఒకరూ ఉండి ఒకే తప్పు ఎలా నేర్చుకున్నారని అడిగాడు. అప్పుడు గోడ మీది రాత నాకు పెద్ద పెద్ద అక్షరాల్లో కనబడింది. నోరు మూసుకున్నాను. కొత్తవలస దాన్ని మళ్ళీ పిలిచి అడిగారు. అదీ పైకప్పు కేసి చూసింది. అయితే మా రెండు ఊళ్ళ లైన్లూ కలిసేది ఎక్కడో ఆయనకి ఒకరు చెప్పాలా. లేచి సరాసరి వసారాకి అటువైపున్న ఎక్స్ఛేంజి గదిలోకి నడిచాడు. వెనకాల మేమిద్దరం. మా వెనకాల, ఎవరూ పిలవకపోయినా, మా మావ.

అప్పని నేను చూడటం అదే మొదలు. ఏనుగు మీద గొంతు గల ఆ మనిషి కుర్చీలో రెండు దిండ్లు వేసుకుని కూర్చుంటే గాని బోర్డుకి అందనంత పొట్టి. పై వరస రంధ్రాలకి లేచి పీట ఎక్కేది. ఆఫీసరు, జిల్లా నీళ్ళ పాఠం ఎవరిది అని అడిగాడు. అప్ప తిరగకుండానే అరచెయ్యి ఎత్తి ఆగమంది. పీట ఎక్కి, తీగ గుచ్చి, "మాట్లాడండి" అని, దిగి, అప్పుడు ఇటు తిరిగింది. మా ఇద్దరినీ చూసి, ఎవరు ఎవరో పోల్చుకోలేక ఒక్క క్షణం తికమకపడింది. నేను తలవంచుకుని వినబడీ వినబడనట్టు నీళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ పెదాలు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది.

"పాఠం నాదేనండి" అంది, రేడియో తెలుగులో. "నేను డిస్టిల్డ్ వాటర్ అనే చెప్పాను. కాచి ఆవిరి పట్టిన నీళ్ళు. మీ లైనులో అది డిస్ట్రిక్ట్ అని వినబడింది. ఆ లైను బాగుచెయ్యమని ఎప్పటినుంచో మొరపెట్టుకుంటున్నాను. మీరే వినండి." అని హెడ్‌ఫోను తీసి ఆయనకిచ్చింది.

ఆయన తగిలించుకున్నాడు. నరసన్నపేటలో నా బదులు కూర్చున్న పిల్ల పలికింది. ఈయన తాను డివిజను ఆఫీసర్నని చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. మూడోసారికి మా వర్తకుల్లాగే ఉత్తరానికి తిరిగి కేక పెట్టాడు. అవతల్నుంచి వచ్చిన జవాబు గదంతా వినబడింది. ధాన్యం ఆఫీసుకి ఈరోజు సెలవంది ఆ పిల్ల.

ఆయన హెడ్‌ఫోను తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మా మావ ముందుకొచ్చాడు. మానిపించేస్తానని ఇక్కడే చెప్పేస్తాడేమోనని అతని కండువా పట్టుకుని లాగబోయాను. "బాబూ, ఈ గుంటల తప్పేటీ లేదు. ఈయమ్మ ఉన్నదున్నట్టు సెప్పినాది. ఈలు ఇన్నది ఇన్నట్టు సెప్పినారు. మద్దిన తీగ ఒకటున్నాది కదా, దాన్ని అడగండి" అన్నాడు.

ఆఫీసరు మీసాల కింద నవ్వు కదిలింది. వెంటనే సర్దుకుని, ఇవన్నీ నీకు ఎవరు నేర్పారని అప్పని అడిగాడు. "ఎవరూ నేర్పలేదండి. అందుకే ఈల్లకి సెప్తన్నాను" అంది అప్ప. రేడియో తెలుగు ఎప్పుడు జారిపోయిందో ఆవిడ గమనించలేదు.

మా ఫలితాలకంటే ముందు లైను బాగుపడింది. తరవాత ఇద్దరం ఎన్నికయ్యామని తెలిసింది. అప్పకి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, సొంత మాటలు కూడదని. దాంతోపాటే నోటిమాటగా ఒక వెసులుబాటు కూడా వచ్చింది, పని గురించిన మాటలు సొంత మాటలు కావని. ఆ మాట పుణ్యమా అని మా తరవాత ఆ చుట్టుపక్కల ఎక్స్ఛేంజిల నుంచి శిక్షణకి వెళ్ళిన ఆడపిల్లలందరూ అప్ప బోర్డు దగ్గరే అక్షరాభ్యాసం చేసి వెళ్ళారు. ఆవిడ మాత్రం ఆ దిండ్ల మీదనుంచే రిటైరైంది. మా మావ ఆ ఏడు కోతలయ్యేదాకా ఊరంతా తిరిగి తన మేనకోడలు తీగల డాక్టరని చెప్పుకున్నాడు.

శిక్షణలో నన్నూ కొత్తవలస దాన్నీ ఒకే గదిలో పెట్టారు. మొదటి సాయంత్రం మంచాల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఎన్ని నెలల కబుర్లు, ఎన్ని కష్టసుఖాలు చెప్పుకున్న వాళ్ళం. ఒక్క మాట పెగల్లేదు. అన్నం తిన్నావా అంటే తిన్నానంది. అది చివరికి విసుగెత్తి, నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, తను కిటికీ వైపు తిరిగి, వీపుకి వీపు ఆనించి, "ఊఁ, ఇప్పుడు సెప్పు" అంది. అప్పుడు మొదలుపెట్టిన మాటలు దీపాలార్పమని వార్డెను వచ్చి అరిచేదాకా ఆగలేదు.

ఇప్పుడు ఇద్దరికీ తలలు నెరిశాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అది ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంటుంది. ఎదురుగా కూర్చుని కూరల ధరలు, మాత్రల పేర్లు మాట్లాడుకుంటాం. నిజంగా మనసులో మాట ఏదైనా చెప్పాలంటే మాత్రం మెల్లగా లేచి పక్కగదిలోకి వెళుతుంది. నిమిషంలో నా ఫోను మోగుతుంది. నేనూ పమిట సర్దుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని, ఎత్తుతాను.