బ్లేడు పిన్ను

తమ్ముడి సామాన్లు తీసుకువెళ్ళడానికి ముందురోజు సాయంత్రం దోహా నుంచి తోటకు వచ్చాను. రాత్రంతా గాలి వీచింది. తెల్లవారి చూస్తే గేటు నుంచి తారురోడ్డు దాకా ఉన్న మట్టిబాట ఇసుక కింద పోయింది. కారు తీశానో లేదో గేటు దగ్గరే ముందుచక్రాలు దిగబడ్డాయి.

తమ్ముడు ఈ కూరగాయల తోటలో ట్రాక్టరు నడిపేవాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. శవం దోహాలో మార్చురీలో ఉంది. మధ్యాహ్నంలోగా నేను వెళ్ళి సంతకం పెడితేనే సాయంత్రం హైదరాబాద్ విమానం ఎక్కుతుంది. తప్పితే మళ్ళీ చోటు ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో తమ్ముడింట్లో కబురు తెలిసిన నాటి నుంచి పొయ్యి వెలిగించలేదు. ఇరుగుపొరుగు అన్నం పెడుతున్నారు.

మేనమామ ఫోన్ చేశాడు.

"ఎల్లినవారా?"

"బాట మీద ఇసుక పడ్డది మామా. తీస్తున్నరు."

"దుబాయ్ల బాటలు అద్దాల లెక్కుంటయని మీరే చెప్తిరి గదరా." మామకు గల్ఫంతా దుబాయే. గొంతు తగ్గించి, "యాళ్లకు తోలుకరా వాణ్ణి" అన్నాడు.

తమ్ముడితో ఒకే గదిలో ఉన్న జగిత్యాల అతను ట్రాక్టరుకు వెనక బ్లేడు తగిలిస్తున్నాడు. ముందు బకెట్‌తో ఎత్తిపోస్తే పొద్దుగూకుతుంది. బ్లేడుతో అయితే ఇసుకను పక్కకు నెట్టుకుంటూ పోవచ్చు. బ్లేడును కింద రెండు చోట్ల బిగించి, పై రాడ్డుకు పిన్ను గుచ్చాల్సిన దగ్గర ఆగిపోయాడు.

"పిన్ను లేదన్నా."

"ఎక్కడ పడ్డది?"

అతను నా వైపు చూడలేదు. "పడలే. నువ్వు కట్టిన పెట్టెల ఉంది. ఆయన చెయ్యి వడ్డదల్ల ఇంటికి పోవాలె గదా అని నేనే ఏసిన. దినాలు అయ్యేదాక ఈ బ్లేడు ముట్టద్దనుకున్నం."

"బోల్టు ఏస్తే?"

"వంగుతది. బ్లేడు లేసి నా ఈపు మీదికొస్తది. అప్పుడు నా పెట్టె గూడ నువ్వే కట్టాలె." నవ్వబోయి ఆపుకున్నాడు.

అట్టపెట్టె కారు డిక్కీలో ఉంది. మరదలి ముందే విప్పాలని గట్టిగా టేపు వేసి, తాడు కట్టాను. కత్తితో కోశాను. చొక్కాల మడతలు చెదరకుండా చెయ్యి పెట్టాలని చూశాను. కుదరలేదు. పిన్ను అడుగున తువ్వాలులో చుట్టి ఉంది.

ట్రాక్టరు కదిలింది. ఇద్దరు పనివాళ్ళు కారును వెనక్కి నెట్టి ఇసుకలోంచి తీశారు. నేను ట్రాక్టరు వెనకే మెల్లగా నడిపాను. గాలి ఇంకా ఆగలేదు. బ్లేడు తీసిన చోట మళ్ళీ సన్నగా ఇసుక పరుచుకుంటోంది. సగం దూరంలో ట్రాక్టరు ఆగింది. అతను దిగి, బ్లేడు వాలు మార్చి, మళ్ళీ ఎక్కాడు. ఆ తర్వాత నేను గడియారం చూడలేదు.

తారురోడ్డు ఎక్కాక అతను పిన్ను లాగి, అంగీకి తుడిచి, కారు కిటికీలోంచి అందించాడు.

"ఉంచుకో. రేపు మళ్ల గాలొస్తే?" అన్నాను.

"మాఫీ, వద్దు అన్నా. రేపటి సంగతి రేపు. ఆయనది ఆయనతోనే పోనీ."

తీసుకున్నాను. అతను ఎప్పుడొస్తావని అడగలేదు. నేను వెళ్ళొస్తానని అనలేదు.

మార్చురీ కిటికీ మూసే ముందు చేరాను. లోపలి మనిషి కాగితం తిప్పి, చనిపోయినతనికి మీరేమవుతారని అడిగాడు. అన్ననని చెప్పాను. ఆ మాట రాసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.