అట్టలు విప్పిన పది రోజులు

తిరుపతిలో పది రోజుల శిక్షణ అని ఆర్డరు చేతికి రాగానే ఎగిరి గంతేశాను. విద్య మీద ప్రేమతో మాత్రం కాదు. మా ఆవిడ తిరుచానూరులో టీచరు. నేను చిత్తూరు దాటి, తమిళ సరిహద్దుకు ఆనుకున్న ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం నడిపేవాణ్ణి. పెళ్ళయి రెండేళ్ళయినా, రెండో శనివారాలూ పండగ సెలవులూ తప్ప ఒకచోట కాపురమున్నది లేదు. ఇప్పుడు ఏకంగా పది రోజులు!

ఆర్డరుతో పాటు ఇంకో కబురు కూడా వచ్చింది. తిరుపతిలో కొత్త శాఖ తెరుస్తున్నారు, శిక్షణలో రాణించిన ఒకరిని అక్కడికి బదిలీ చేస్తారు. ఆ ఒకరు నేనేనని అప్పుడే ఖాయం చేసుకున్నాను. నా ధీమాకు కారణం ఉంది. మా జిల్లాలో నా లైబ్రరీ అంత శుభ్రమైనది ఇంకోటి లేదు. ప్రతి పుస్తకానికీ బ్రౌన్ పేపర్ అట్ట, దాని వీపు మీద తెల్ల చీటీ, చీటీ మీద రిజిస్టరు నంబరు. తనిఖీకి వచ్చిన అధికారి బీరువా తలుపు తెరిచి "భేష్" అన్నాడు. ఆ మాటతో నేను ఏడాది బతికాను.

ఎవరి శాఖలోంచి వాళ్ళు ఇరవై మంచి పుస్తకాలు తెమ్మన్నారు. ట్రంకుపెట్టెలో సర్దుకుని తీసుకుపోయాను. మొదటి రోజు అందరూ బల్లల మీద పుస్తకాలు పెట్టారు. మిగతావాళ్ళవి చెవులు మడతపడి, వీపులు ఊడి ఉన్నాయి. నావి మాత్రం ఇస్త్రీ చేసినట్టున్నాయి. పాఠం చెప్పడానికి వచ్చినావిడ రిటైరైన కాలేజీ లైబ్రేరియన్. ఆవిడ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చి ఒక పుస్తకం తీశారు.

"ఇదేం పుస్తకమప్పా?"

"నూట పద్నాలుగు, మేడమ్."

"నేనడిగింది పేరు."

నాకు తెలియలేదు. లోపల పేజీ తిప్పి చూడబోతే ఆవిడ పుస్తకం వెనక్కి లాక్కున్నారు. హాలంతా ఒకటే నవ్వు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "అట్ట లేకపోతే ఆర్నెల్లకే చినిగిపోతాది మేడమ్. కోత పడేది నా జీతంలోనే" అన్నాను గట్టిగా.

"చినగనీ. చదివినందుకు చినిగితే నాకేం బాధ లేదు. చదవకుండా ఉంటేనే బాధ" అని ఆవిడ పక్క బల్లకు వెళ్ళిపోయారు.

సాయంత్రం తిరుచానూరు బస్సు దిగి, గదిలో అడుగు పెట్టీ పెట్టకముందే ఆ మేడమ్‌ని తిట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకుంటూ అంతా విన్నది. "మా బడి పిల్లోళ్ళు కూడా అట్టేసి పైన పేరు రాస్తారు గదా" అంది తల ఎత్తకుండా. ఆ పూట నేను అలిగాను. అయితే సాంబారన్నం దగ్గర అలక నిలవలేదు.

మూడో రోజు నుంచి మాత్రం నా సంగతి మారిపోయింది. లోకంలో ఉన్న విద్యలన్నిటినీ పది వర్గాలు చేసి, ఒక్కో దాన్ని మళ్ళీ పది చేసి, సేద్యానికి ఒక చోటు, నక్షత్రాలకు ఒక చోటు కేటాయించడం నేర్పించారు. నాకు పిచ్చెక్కినంత పనైంది. ఏళ్ళ తరబడి పుస్తకాలను కొన్న వరుసలో పేర్చి మురిసిపోయినవాణ్ణి మరి! సాయంత్రం ఎప్పుడవుతుందా, ఇదంతా మా ఆవిడకు ఎప్పుడు చెబుతానా అని తహతహ. బస్సులో కూర్చుని వేళ్ళ మీద వర్గాలు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకనాడు ఆమె వంట డబ్బాలన్నిటికీ నంబర్లు అంటించాను. మరునాడు కాఫీలో ఉప్పు పడింది. తప్పు నంబరుదని ఆమె, చదివినవాళ్ళదని నేను వాదించుకున్నాం.

తొమ్మిదో రోజు ప్రదర్శన. శిక్షణ జరుగుతున్న లైబ్రరీకి పేపరు చదవడానికి వచ్చే జనమే మా పాఠకులు. ఎవరి బల్ల వెనక వాళ్ళం నిలబడి, వచ్చినవాళ్ళ చేత ఒక్క పుస్తకమైనా అక్కడే చదివించాలి. గంట గడిచింది. చెవులు మడతపడిన పుస్తకాల చుట్టూ జనం మూగారు. నా బల్ల ముందుకొచ్చినవాళ్ళు ఒక్క చూపు చూసి, ఆఫీసు రికార్డులనుకున్నారో ఏమో, పక్కకు జరిగిపోయారు. బదిలీ చేజారిపోతోందని భయమేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చేతికందిన పుస్తకం తీసి అట్ట పర్రున చింపేశాను.

లోపల ఎర్రావు! దూడను నాకుతున్న ఎర్రావు బొమ్మ. పశువుల జబ్బుల పుస్తకం. నా చేత్తో అట్ట వేసిన నేనే దాన్ని మరిచిపోయాను. పేపరు మడుస్తున్న ఒక పెద్దాయన, తలకు తువ్వాలు చుట్టుకున్నాయన, అక్కణ్ణించే కేకేశాడు.

"అబ్బా, ఆ ఆవు పుస్తకం యాడిదబ్బా? ఇట్లియ్యి సూద్దాం. మా ఆవుకు పొదుగువాపు వచ్చుండాది."

ఇక నేను ఆగలేదు. రెండోది చింపాను, ఓడ బొమ్మ. మూడోది చింపితే కుట్టుమిషను, నాలుగోది చింపితే చుక్కల ఆకాశం. ప్రతి అట్ట కిందా ఏముందోనని జనం కంటే నాకే ఆత్రం ఎక్కువైంది. నా చుట్టూ గుంపు చేరింది. "అది సింపు, ఇది సింపు" అని వాళ్ళే చెప్పసాగారు. మధ్యాహ్నానికి బల్ల ఖాళీ. కింద కాగితాల కుప్పలో నిలబడి ఒక్కణ్ణే నవ్వుకుంటున్నాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదని ఆ సాయంత్రం మా ఆవిడతో అనేసి, నాలిక కరుచుకున్నాను. ఆమె నవ్వి, ఏదో రాసుకోవడంలో పడింది.

పదో రోజు మధ్యాహ్నం పేరు చదివారు. నాది కాదు. తిరుపతి శాఖకు ఇంకొకాయన్ని వేశారు. మేడమ్ నన్ను వరండాలోకి పిలిచారు.

"నీ పేరే ముందు అనుకున్నారప్పా. నేనే వద్దంటి" అన్నారు.

"ఎందుకు మేడమ్? మా ఆవిడ ఈడే ఉండాదని మీకు తెల్సు గదా!" అరిచినంత పని చేశాను.

"తెల్సు. నిన్ను ఈడికి తెస్తే, మీ ఊళ్ళో మిగతా పుస్తకాలకు అట్టలు ఎవురు ఇప్పుతారు? కొత్తగా వచ్చేవోడు చినగతాయని ఇంకో పొర వేస్తాడు."

సర్టిఫికెట్ చుట్టుకుని బస్సెక్కాను. పోస్టు పోయినందుకు నిజంగానే ఏడుపొచ్చింది. అయితే బస్సు కదిలాక బుర్ర నా మాట వినలేదు. మా ఊళ్ళో రెండు బీరువాల నిండా ఉన్న నంబర్ల కింద ఇంకేం బొమ్మలున్నాయో అని ఆలోచిస్తూనే తిరుచానూరులో దిగాను. తొలి బస్సు అందితే పదింటికల్లా తాళం తీయొచ్చు.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. చెప్పేశాను.

"బాధగా లేదా మీకు?"

"ఉండాది."

"మరి తొలి బస్సు ఎన్నింటికని ఎందుకు ఎంక్వైరీ చేసుకోనొచ్చినారు?"

నా జేబులోంచి తొంగి చూస్తున్న టైముల చీటీ ఆమె కంటబడింది. గబుక్కున దాన్ని లోపలికి తోసుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి మడిచిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేనూ వస్తా ఉండా. అన్ని పుస్తకాలు ఒక్కరే ఎట్ల ఇప్పుతారు?" అంది.

విప్పి చూశాను. హెడ్మిస్ట్రెస్‌కు రాసిన సెలవు చీటీ, వారం రోజులకు. దాని మీద తేదీ నిన్నటిది. పోస్టు నాకు వస్తుందో రాదో ఇంకా ఎవరికీ తెలియనప్పటిది.