చేతులు తీసేదాకా ఆగాను

ఇరవై రెండేళ్ళుగా ఒక మనిషి ప్రతి ఆషాఢంలోనూ వచ్చి నా కాళ్ళకు మొక్కుతున్నాడు. అతని ఎడమ కన్ను పోయింది నా చేతి దెబ్బకే. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే మొక్కుతాడు. అతనికి తెలియనిది వేరే ఉంది. దాన్ని నేను ఇన్నేళ్ళూ మింగలేక, కక్కలేక మోశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. ముంబై కామాటిపురాలో మా గల్లీవాళ్ళు ఇది చదివితే పేరు లేకపోయినా పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

మాది పోతరాజు వేషం కట్టే ఇల్లు. తాత కట్టాడు, నాన్న కట్టాడు, తర్వాత నేను కట్టాను. పోతరాజు అంటే అమ్మవారి తమ్ముడు. బోనాలనాడు ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, కొరడా ఝళిపిస్తూ ఊరేగింపుకు ముందు నడుస్తాడు. మిగతా రోజుల్లో నేను ఇళ్ళల్లో నేలకు బండలు పరుస్తాను. ఏడాదంతా మోకాళ్ళ మీద పాకే పని. ఆ ఒక్కరోజు మాత్రం నిలబడి నడుస్తాను, నన్ను పేరు పెట్టి పిలవడానికి కూడా జనం జంకుతారు. ఆ జంకు నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు ఒప్పుకోవాలి.

దేవత ఉందని నేను నమ్మింది ఎవరో చెబితే కాదు. నా ఒంటి మీదికి వచ్చింది కాబట్టి నమ్మాను. పంతొమ్మిదో ఏట మొదటిసారి డప్పు చెవి పక్కన మోగుతుంటే వెన్నులోంచి ఏదో లేచింది. తర్వాత గుడి మెట్ల మీద మెలకువ వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. మేకపిల్ల గొంతు పళ్ళతో కొరికి గావు పట్టానట. నోట్లో ఉప్పగా ఉంది, గడ్డం నిండా నెత్తురు. భయం వేయలేదు. నన్ను ఎవరో చేయి పట్టుకుని నడిపించారు కదా అనుకున్నాను. పదకొండేళ్ళు అలాగే వచ్చింది. పన్నెండో ఏడు రాలేదు.

ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. మందు తాగలేదు, ఉపవాసం తప్పలేదు. వాన పడుతోంది. డప్పులవాళ్ళు నా చెవుల దగ్గరికి వచ్చి వాయిస్తున్నారు. మా అమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను తల ఊపుతున్నాను, నాలుక బయటపెడుతున్నాను, నిమ్మకాయ కొరుకుతున్నాను. అంతా దొంగ ఆటే. లోపల మాత్రం బండలు పరిచే మామూలు మనిషిని, వానకు చలి పుట్టి వణుకుతున్నవాణ్ణి. వస్తుందిలే అనుకున్నాను. గల్లీ మూల తిరిగాం. రాలేదు.

ఆ మూల మీద నర్సింలు ఉన్నాడు. పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగు కూలీ. భార్య యాదమ్మతో మా చాల్ కింది అంతస్తులో ఒక ఒంటిగది ఖోలీలో ఉండేవాడు. గుడి ముందు చెప్పులు కూడా విప్పని మనిషి. దానికి కారణం ఉంది. కొత్త బిల్డింగు పని మొదలుపెట్టేటప్పుడు మేస్త్రీ మైసమ్మకు కోడిని కోయించాడు. ఆ సాయంత్రమే నర్సింలు తమ్ముడు పరంజి మీంచి పడి చచ్చిపోయాడు. కోడిని తిని కూడా మనిషిని మింగిన దేవతకు మొక్కడమేంటని అతను బాహాటంగా అనేవాడు. పెద్దవాళ్ళు తిట్టేవారు. నాకు మాత్రం అతని మీద జాలి ఉండేది. నిజం. ఆ రోజు దాకా.

అతను నన్ను ఒక్కసారి పైనుంచి కిందికి చూశాడు. పట్టేశాడని నాకు అర్థమైంది. తర్వాత నవ్వి అన్నాడు: “ఏం పోతరాజన్నా, ఈయేడు అమ్మకు లోకల్ రైలు దొర్కలేదా?”

పక్కనున్న కుర్రాళ్ళు ముగ్గురో నలుగురో కిసుక్కుమన్నారు. అంతే. అతనన్నది అబద్ధమైతే నేనూ నవ్వేవాణ్ణి.

మొదటి దెబ్బ భుజం మీద వేశాను. పోతరాజు కొరడా దెబ్బ తగిలితే పీడ పోతుందని మావాళ్ళు చేయి చాచి మరీ కొట్టించుకుంటారు, అందుకని అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. రెండోది మెడ మీద పడింది. మూడోదానికి నవ్వు పోయింది. జనం వెనక్కి జరిగారు. డప్పుల జోరు పెరిగింది. అమ్మ వచ్చిందని వాళ్ళనుకున్నారు, నేను కొట్టినకొద్దీ వాళ్ళు వాయించారు, వాళ్ళు వాయించినకొద్దీ నేను కొట్టాను. అతను మురికి మోరీ పక్కన ముడుచుకుని కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వీపు మీద చొక్కా చినిగింది. చర్మం చినిగింది. పసుపు నీళ్ళలో నానేసిన తాడు ఎంత బరువుంటుందో మీకు తెలియకపోవచ్చు. వాన నీళ్ళు నా కాళ్ళ కింద ఎర్రగా పారాయి. ఎవరైనా ఆపుతారేమోనని చూశాను. పూనకంలో ఉన్నవాడికి అడ్డం వస్తే పాపం, ఎవరూ కదల్లేదు. వాళ్ళు కదలరని నాకు అర్థమైన ఆ క్షణంలో నాకు కలిగినది భయం కాదు, సంతోషం. సిగ్గుతో రాస్తున్నాను, సంతోషమే.

నా చెయ్యి నొప్పి పెట్టింది. పూనకంలో నొప్పి తెలియదు. నాకు తెలిసింది.

అప్పుడు ఆగాను. అయిపోయిందని అందరూ అనుకున్నారు. నర్సింలు కూడా అనుకున్నాడు. కొరడా భుజం వెనక్కి వేసి నేను కదలకుండా నిలబడ్డాను. నేను మోస్తూ వచ్చింది ఇదే. అతను మొహం మీంచి చేతులు తీసేదాకా ఆగాను. తీశాడు. కొట్టాను. తాడు చివరి ముడి కంట్లో పడింది.

ఆ అరుపు గురించి రాయలేను. యాదమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, వేపాకు నీళ్ళ చెంబు నా కాళ్ళ మీద కుమ్మరించి, ఆ మోరీ నీళ్ళలోనే బోర్లా పడింది. తల్లీ శాంతించు, తల్లీ శాంతించు అని నా పాదాలు పట్టుకుని ఏడ్చింది. అప్పుడైనా నేను కూలిపోయి నిజం చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట చాలు. పోతరాజు పలకడు, మా ఆచారంలో ఎన్నడూ పలకలేదు. నేను పలికాను. గొంతు మార్చి, ఆడగొంతుతో: “నన్ను నవ్విండు. కన్ను తీసుకున్న. పానం ఇడిసిపెడుతున్న.”

గల్లీ మొత్తం చేతులు జోడించింది.

పోలీసులు వచ్చి అడిగితే జారి పడ్డానని నర్సింలే చెప్పాడు. దవాఖాన నుంచి తిరిగొచ్చిన రోజు నేరుగా గుడికి వెళ్ళి చెంపలు వేసుకున్నాడు. తాగుడు మానేశాడు. రోజూ పనికి పోయేముందు గుడి ఊడుస్తాడు. ఇప్పుడు అతనంత భక్తుడు మా పద్నాలుగు గల్లీల్లో లేడు. ఇక నేను? నా భక్తి ఆ మోరీ దగ్గరే పోయింది. ఆ మాట పలికిన మరుక్షణం గుడి వైపు చూశాను. నీ గొంతు దొంగిలించి నీ పేరుతో ఒక మనిషి కన్ను పీకాను, ఇప్పుడు నా చెయ్యి విరిచెయ్యి అని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. పైగా నా పేరు పెరిగింది. ధారావి నుంచి జనం నిమ్మకాయలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నా బిడ్డ పెళ్ళి బాగా జరిగింది. నాకు జ్వరం కూడా రాలేదు. ఉన్నదే అయితే ఊరుకుంటుందా? ఊరుకున్నది కాబట్టి లేదు. ఇదీ నా లెక్క. కానీ ఒక్కోసారి ఇంకో ప్రశ్న వస్తుంది. ఆమె లేదని నేను నిజంగా నమ్ముతున్నానా, లేక ఉంటే చూసి ఉంటుంది కాబట్టి లేకపోతే బాగుండునని కోరుకుంటున్నానా?

ఇది ఇలాగే నాతోపాటు కాట్లో కాలిపోయేది. ఈ ఏడు నర్సింలు రెండో కన్ను మసకబారింది. లోపల ఒత్తిడి పెరిగిందని, వెంటనే ఆపరేషన్ చేయకపోతే ఆ చూపూ పోతుందని డాక్టరు చెప్పాడు. నర్సింలు ససేమిరా అన్నాడు. అమ్మ ఒకటి తీసుకుని ఒకటి వదిలింది, అదీ అడిగితే ఇవ్వాల్సిందే అని కూర్చున్నాడు. యాదమ్మ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. అన్నా, నువ్వు చెప్తేనే ఇంటడు, అమ్మ పొమ్మన్నదని చెప్పు అంది.

చెబితే సరిపోయేది. ఇంకొక్క అబద్ధం, ఒక కన్ను మిగులుతుంది. రెండు రోజులు ఆలోచించాను. నోరు రాలేదు. నిజం చెబితే అతని భయం పోతుంది, తనంతట తానే దవాఖానకు పోతాడు అనుకున్నాను. అలా అనుకున్నానా, నా బరువు దించుకోవడానికి అతని కన్నుతో జూదం ఆడానా? తేల్చుకోలేకపోతున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అతని ఖోలీకి వెళ్ళాను. మంచం మీద కూర్చున్నాడు. యాదమ్మ బియ్యం ఏరుతోంది. కింద కూర్చుని అంతా చెప్పాను. చేతులు తీసేదాకా ఆగానని కూడా చెప్పాను.

 అతను తల అడ్డంగా ఊపాడు.

“నక్కో అన్నా. గట్లనకు. అమ్మ నీ నోటితోని నన్ను పరీక్ష వెడుతున్నది.”

“పరీక్ష గాదు నర్సింలూ. ఖరే, నిజమే చెప్తున్న. ఎవ్వలు రాలే నా మీదికి. నేనే కొట్టిన.”

“నువ్వే కొడితే,” అన్నాడు, “ఇరువై రెండేండ్లు నేను ఎవలికి మొక్కిన?”



జవాబు యాదమ్మ దగ్గర ఉంది. చాట విసిరేసి లేచింది. ఆమె నన్ను నమ్మింది. జుట్టు పట్టుకుని నా తల గోడకేసి కొట్టింది. చెప్పు అందుకుని మొహం మీద, నోటి మీద కొట్టింది. పెదవి పగిలింది. నీ కాళ్ళు పట్టుకున్న గదరా, మోర్ల పడి పట్టుకున్న గదరా అంటూ కొట్టింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. మంచం మీంచి నర్సింలు చూపు ఆనక గాలిలో చేతులాడిస్తూ అరుస్తున్నాడు: “ఇడిసిపెట్టే! ఆయన మీద చెయ్యెత్తకు, నీ కండ్లు గూడ పోతయి!”

ఆ మాటకు ఆమె చెయ్యి ఆగింది. భయపడి కాదు. మొగుడి వైపు చూసింది, నా వైపు చూసింది. నా చెవి దగ్గరికి వంగి, పళ్ళు బిగించి అంది: “ఇగ నీ నిజం ఆయనకు పనికిరాదు. గప్పుడు పలికినట్లే పలుకు. దవాఖానకు పొమ్మను.”

పలికాను. నోట్లో నెత్తురుతో, ఆడగొంతుతో, పో బిడ్డా, కన్ను చూపించుకో అన్నాను. నర్సింలు తడుముకుంటూ కిందికి దిగి, నా పాదాలు వెతికి, తల ఆనించాడు. యాదమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆపరేషన్ అయింది. కన్ను నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. యాదమ్మ నన్ను చూస్తే ఉమ్ముతుంది, ఎందుకో గల్లీలో ఎవరికీ తెలియదు. నేను చెప్పిన నిజాన్ని నేనే మళ్ళీ అబద్ధం చేశాను, అతను ఇంకెన్నటికీ నమ్మడు, నమ్మనివాడు క్షమించనూ లేడు. అందుకే ఇది మీకు రాశాను.  ఆ రోజు నా మీదికి ఎవరూ రాలేదు. ఆగింది నేను, కొట్టింది నేను. మీరైనా నమ్మండి.