పరుగులో నీళ్లు వద్దన్న నియమం

1991 జనవరిలో నన్ను నల్లగొండ జిల్లా అథ్లెటిక్స్ కోచ్‌గా వేశారు. అంతకుముందు నాలుగేళ్లు మహబూబ్‌నగర్‌లో అదే పని. నల్లగొండలో కొత్తగా ఒక బాధ్యత అప్పగించారు. ఈత, సైకిల్, పరుగు మూడూ ఆగకుండా వరసగా చేసే ట్రయథ్లాన్ పోటీకి జిల్లా నుంచి ఒకరిని తయారు చేయాలి. రాష్ట్ర జట్టులో చోటు దొరికిన వారికి క్రీడల కోటాలో ఉద్యోగం వచ్చే వీలుంది.

నేను ఎంచుకున్నది లింగస్వామిని. మగ్గం నేసే ఇంటివాడు. వ్యవసాయ బావుల్లో ఈత నేర్చాడు, చీరల మూటతో తిరుమలగిరి సంతకు సైకిల్ తొక్కేవాడు. పరుగు నేను నేర్పాను. మొదటి రోజే అతని దండచేతికి ఉన్న తాయత్తు మీద గంటసేపు వాదించాను. అది ఊపిరిని పెంచుతుందా, కాలికి బలమిస్తుందా అని నిలదీశాను. వారం తర్వాత తీసేసి వచ్చాడు. "ఏం గాలే సార్. మా అమ్మ రెండు దినాలు మాట్లాడలే, గంతే" అన్నాడు.

నా శిక్షణలో ఒక నియమం ఉండేది. పరుగు మొదలయ్యాక గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదు, పుక్కిలించి ఉమ్మేయాలి. తాగితే కడుపు పట్టేస్తుందని, కాళ్లు బరువెక్కుతాయని నాకు నేర్పిన కోచ్ చెప్పారు. ఆయనకు ఆయన కోచ్ చెప్పి ఉంటారు.

ఎంపికకు రెండు నెలల ముందు ట్రయల్ పెట్టాను. ట్రయల్ అంటే పోటీ దూరాలన్నీ పూర్తిగా చేయించి, సమయాలు రాసి, జిల్లా క్రీడాధికారికి నివేదిక పంపడం. కోచ్ 'అర్హుడు' అని రాస్తేనే పేరు ముందుకు పోతుంది. ఏప్రిల్ ఎండ. జలాశయంలో ఈత, ఆ తర్వాత సైకిల్ బాగానే ముగిశాయి. పరుగు సగం దాటాక లింగస్వామి నీళ్లడిగాడు. నేను స్కూటర్ మీద పక్కనే ఉన్నాను. పుక్కిలించి ఉమ్మెయ్ అన్నాను. ఉమ్మేశాడు. కొంత దూరం పోయాక అతని అడుగులు తడబడ్డాయి, చెమట ఆగిపోయింది. నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, నమస్కారం పెట్టి, రోడ్డు పక్కన కూలిపోయాడు.

దవాఖానలో రెండు సీసాల సెలైన్ ఎక్కాక కళ్లు తెరిచాడు. ఒంట్లో నీరు అయిపోయిందని డాక్టర్ చెప్పారు. అతని భార్య ఆండాలు నా వైపు తిరిగింది.

"నీళ్లు లెవ్వా సార్ నీ తాన?"

ఉన్నాయని చెప్పి, నా కోచ్ నేర్పిన నియమం వివరించాను.

"ఎండకాలం పోగు తెగుతదని మేము మగ్గం గుంటల నీళ్లు చల్లుకుంటం. మనిషి పోగు పాటి జెయ్యడా? తాయత్తు ఎందుకు గట్టినవని మా ఆయనను గంటసేపు అడిగినవంట గద. నీళ్లు తాగొద్దని నీకు జెప్పినాయనను ఎందుకని అడిగినవా?"

అడగలేదన్నాను.

"ఊకో ఆండాలూ, సార్ నౌకరి ఊడగొడతవా ఏంది" అన్నాడు లింగస్వామి మంచం మీద నుంచి.

"సార్ నౌకరికి ఏంగాదు. పోయేది నీదే."

ఆమె అన్నది నిజం. నిబంధన ప్రకారం ట్రయల్ ముగించని వాడు అనర్హుడు. 'దమ్ము చాలలేదు' అని నేను రాస్తే నా తప్పు కనబడదు, అతని అవకాశం పోతుంది. నేను రాసింది వేరు. కోచ్ ఆజ్ఞ వల్ల అభ్యర్థికి నీళ్లు అందలేదు, అందువల్ల ఈ ట్రయల్ అతని శక్తికి కొలత కాదు, మరో ట్రయల్‌కు అనుమతించాలి అని రాశాను. క్రీడాధికారి పిలిపించారు. "కోచ్ ఆజ్ఞ అన్న గా ఒక్క ముక్క తీసెయ్యవయ్యా, మెమో నీ మీదికే వస్తది" అన్నారు. తీయలేదు. మెమో వచ్చింది, సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కింది. రెండో ట్రయల్‌కు అనుమతి కూడా వచ్చింది.

డాక్టర్ సరేనన్నాక నెల రోజులకు అది జరిగింది. దారి పొడుగునా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పెట్టించాను. లింగస్వామి తాగుతూ పరుగెత్తాడు. కడుపూ పట్టలేదు, కాళ్లూ బరువెక్కలేదు. రాష్ట్ర ఎంపికలో మూడో స్థానం వచ్చింది. జట్టులోకి తీసుకున్నది ముగ్గురినే. ఉద్యోగం రావడానికి మరో ఏడాదిన్నర పట్టింది.

దేవుడి పేరుతో వచ్చిన మాటను ప్రశ్నించడం నాకు సులువు. దానికి నేను మాట్లాడే హేతువాద సభల్లో చప్పట్లు కూడా దొరికేవి. నా వృత్తి పేరుతో, నేను గౌరవించిన మనిషి నోట వచ్చిన మాటను మాత్రం ఏళ్ల తరబడి పరీక్షించకుండా ఇతరుల ఒంటి మీద అమలు చేశాను. రెండూ ఒకే రకం నమ్మకాలు. రెండోదానికి నా చేతిలో అధికారం తోడైంది, కాబట్టి దానితో ప్రమాదం ఎక్కువ. ఆ వేసవిలోనే నా శిక్షణ నియమాలన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కదానికి కారణం వెతికాను. మొత్తం పదకొండు. నాలుగింటికి కారణం దొరకలేదు. ఆ నాలుగూ మానేశాను.